నడుముకు తిరగడం రాదు

వెనక నుంచి ఎవరైనా పిలిస్తే నడుం తిప్పి చూశామనుకుంటాం. లెక్క తీస్తే ఆ పనిలో నడుము వాటా చాలా తక్కువ. నడుములో పూసలు 5. ఒక్కో పూస తన కింది పూస మీద ఒక పక్కకు తిరిగేది 1 నుంచి 2 డిగ్రీలు. అన్నీ కలిపినా 10 దాటడం కష్టం. గడియారంలో పెద్ద ముల్లు రెండు నిమిషాల్లో 12 డిగ్రీలు జరుగుతుంది. మన నడుముకు అంత తిరుగుడు కూడా లేదు.

తిరిగేవి వేరే ఉన్నాయి. మెడలోని 7 పూసలు ఒక్కో వైపుకు దాదాపు 80 డిగ్రీలు తిరుగుతాయి. అందులో సగం పై రెండు పూసల మధ్యే జరుగుతుంది. మొదటి పూస ఒక ఎముక వలయం. రెండోదాని నుంచి పైకి లేచిన మొన ఆ వలయంలో ఇముడుతుంది. మిగతా పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు కూడా వాటి మధ్య ఉండదు. పక్కటెముకలు అంటి ఉన్న 12 వీపు పూసలు మరో 30, 35 డిగ్రీలు ఇస్తాయి. మిగతాది తుంటి కీళ్లు, పాదాలు చూసుకుంటాయి.

ఇంత తేడా ఎందుకంటే, పూసలను వెనక నుంచి కలిపే చిన్న కీళ్ల జతలు అన్నిచోట్లా ఒకేలా లేవు. వీపులో వాటి ముఖాలు ముందుకీ వెనక్కీ చూస్తాయి, అందుకే ఒకదాని మీద ఒకటి పక్కకు జారగలవు. నడుములో కుడి ఎడమలకు చూస్తూ నిలువుగా ఉంటాయి. తిప్పబోతే ఒకటి రెండు డిగ్రీల్లోనే ఎముకకు ఎముక అడ్డం. ముందుకు వంగడానికి మాత్రం సుమారు 50 డిగ్రీల చోటుంది.

ఈ అడ్డు డిస్కును కాపాడుతుంది. డిస్కు చుట్టూ ఉండే పీచు పొరలు ఒకటి ఇటు, తర్వాతది అటు ఏటవాలుగా ఉంటాయి. మెలిపెడితే సగం పొరలే బిగిసి భారం మోస్తాయి, మిగతా సగం వదులవుతాయి. వంగి, మెలితిరిగి బరువెత్తొద్దని చెప్పేది ఇందుకే. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల నుంచి డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచారు. నిలబడినప్పుడు 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు 25, వంగి 20 కిలోలు ఎత్తినప్పుడు 220. (కూర్చుంటే 140 అన్న ఆయన అంకె చాలాచోట్ల కనిపిస్తుంది. తర్వాతి కొలతలు దాన్ని బలపరచలేదు కనుక నేను వాడటం లేదు.)

ఏ కీలైనా ఎక్కడో ఒకచోట ఆగాలి. దేనివల్ల ఆగిందో మన ఒంటితోనే తెలుసుకోవచ్చు. మోచేతిని పూర్తిగా చాపండి. ఠక్కున ఆగుతుంది, అది ఎముక. ఇప్పుడు మడవండి. 140, 150 డిగ్రీల దగ్గర మెత్తగా ఆగుతుంది, ముంజేతి కండ పైచేతికి ఆనిందన్నమాట. వెల్లకిలా పడుకుని కాలు చాపి పైకెత్తండి. చాలామందికి 70, 80 దగ్గర తొడ వెనక పట్టేస్తుంది. అదే కాలును మోకాలు మడిచి ఎత్తితే 120 దాకా వస్తుంది. రెండుసార్లూ కదిలింది అదే తుంటి కీలు. తొడ వెనక కండరాలు తుంటినీ మోకాలినీ కూడా దాటి వెళ్తాయి, మోకాలు మడిస్తే వాటికి సడలింపు దొరుకుతుంది.

సాధనతో మారేది ఎక్కువగా ఈ మూడో రకం, అంటే కండరం పట్టేసి ఆగేది. అక్కడ కూడా తొలి వారాల్లో వచ్చే మెరుగుదలకు ముఖ్య కారణం ఆ లాగుడును ఒళ్లు ఓర్చుకోవడం, కండరం పొడుగవడం కాదు. ఎముక దగ్గర ఆగిన కీలును యోగా క్లాసులో ఎవరైనా పైనుంచి నొక్కితే మిగిలేది గాయమే. అలా నొక్కనివ్వొద్దు.

వరి నాట్లలో గంటల తరబడి వంగే ఆడవాళ్ల నడుముకు ఇంకో కష్టం ఉంది. పూర్తిగా వంగాక వెన్ను పక్క కండరాలు పని దాదాపు ఆపేస్తాయి. కండరాల్లోని విద్యుత్ సంకేతాలు కొలిచి 1950ల్లోనే ఇది గమనించారు. భారమంతా ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు, డిస్కుల మీద పడుతుంది. అలా 20 నిమిషాలు ఉంటే అవి కొద్దికొద్దిగా సాగుతాయి. లేచిన రెండు నిమిషాల్లో ఆ సాగుడు సుమారు సగం తగ్గుతుంది, అరగంట తర్వాత కూడా కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి నడుమెత్తిన వెంటనే నారు కట్టలు ఎత్తకూడదు. కాసేపు నిటారుగా నిలబడి, నాలుగడుగులు వేసి, పాదాలను కట్టల వైపు తిప్పుకున్నాకే వంగాలి.