పిన్ను సరిపోయింది.. చార్జింగ్ ఎక్కలేదు!

భద్రాచలం మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది ఒక చోట బోల్తా పడతారు. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు ‘భద్రాచలం రోడ్’ అన్న పేరు కనిపిస్తుంది. స్టేషన్ దిగితే గుడి గోపురం కనపడుతుందనుకుంటారు. తీరా దిగాక తెలుస్తుంది, అది కొత్తగూడెం స్టేషన్ అని. రాములవారి దర్శనం కావాలంటే అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు పోయి, గోదావరి బ్రిడ్జి దాటాలి.

వాళ్లను చూసి నవ్వుకున్న రోజులున్నాయి. కానీ మొన్న జూన్‌లో అచ్చం అలాంటి పొరపాటే నేనూ చేశా. రైలు విషయంలో కాదు, ఆఫీసు ల్యాప్‌టాప్ చార్జర్ విషయంలో. పేరు చూసి ఊరు వచ్చేసిందనుకున్నా!

ఆ రాత్రి ‘టప్’మంది

మాది దుమ్ముగూడెం మండలం. చర్ల వెళ్లే రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి వస్తే మా ఊరు. ఇంటి వెనక చేలు దాటితే అడవే. ఉద్యోగం హైదరాబాద్‌లో అయినా, నెలలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. తొలకరి రోజుల్లో గాలిదుమారం లేచిందంటే లైన్ల మీద కొమ్మలు పడతాయి. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఆ బుధవారం రాత్రి మూడోసారి కరెంటు వచ్చినప్పుడు అడాప్టర్‌లో ‘టప్’మని చిన్న చప్పుడు. వెంటనే కాలిన వాసన. అంతే, దాని లైటు మళ్లీ వెలగలేదు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ 61 శాతం ఉంది.

మామూలు రోజైతే ఒక రోజు సెలవు పెట్టేవాణ్ణి. కానీ మర్నాడు సాయంత్రం ఆరున్నరకి మా టీమ్ రిలీజ్. నాలుగు నెలలు కూర్చుని రాసిన కోడ్ కస్టమర్ల చేతికి వెళ్లే రోజు. అందులో కీలకమైన భాగం నాది. ఏదైనా తేడా వస్తే సరిచేయాల్సింది నేనే. ‘ఊర్లో కూర్చుని పని చేస్తానంటే కుదురుతుందా?’ అని మేనేజర్ అడిగినప్పుడు, ‘కుదురుతుంది సార్’ అని మాటిచ్చిందీ నేనే.

పొద్దున్నే బండి తీస్తుంటే నాన్న అడిగాడు, “ఖమ్మం దాకా పోతావా ఏందిరా?” అని. ఖమ్మం అంటే వంద కిలోమీటర్ల పైమాటే. “టైప్-సీయే కదా నాన్నా, భద్రాచలంలో దొరుకుద్ది” అన్నా. దొరికింది కూడా. షాపాయన అద్దాల అరలోంచి ఒక డబ్బా తీసి, “65 వాట్స్ తమ్ముడూ, ఫాస్ట్ చార్జింగ్. టైప్-సీ ఏదైనా ఒకటే” అన్నాడు. నా పాత అడాప్టర్ కూడా 65 వాట్లే. పిన్ను సరిపోయింది, నంబర్ సరిపోయింది. ఇంకేం కావాలి? డబ్బులిచ్చి వచ్చేశా.

ఇంటికొచ్చి పన్నెండింటికి పెట్టా. చార్జింగ్ గుర్తు వచ్చింది. ‘స్లో చార్జర్’ అని మూలన ఏదో మెసేజ్ కూడా వచ్చింది. పనిలో పడి దాన్ని మూసేశా. రెండింటికి చూస్తే బ్యాటరీ 14 శాతం. చార్జర్ పెట్టే ఉంది, గుర్తు వెలుగుతూనే ఉంది, బ్యాటరీ మాత్రం దిగిపోతోంది!

65 = 65 కాదు

అప్పుడు చేశా, షాపులో చేయాల్సిన పని. రెండు చార్జర్లనూ పక్కపక్కన పెట్టి, వెనక చీమతలకాయంత అక్షరాలతో రాసింది చదివా.

కాలిపోయిన పాత అడాప్టర్ మీద ‘అవుట్‌పుట్’ దగ్గర నాలుగు జతలున్నాయి: 5 వోల్టులు–3 ఆంపియర్లు, 9 వోల్టులు–3 ఆంపియర్లు, 15 వోల్టులు–3 ఆంపియర్లు, 20 వోల్టులు–3.25 ఆంపియర్లు. కొత్తదాని మీద రెండే: 5 వోల్టులు–2 ఆంపియర్లు, 10 వోల్టులు–6.5 ఆంపియర్లు.

ఇంటర్‌లో చదువుకున్న లెక్కే. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 20 × 3.25 అన్నా 65, 10 × 6.5 అన్నా 65. మొత్తం ఒకటే, దారులు వేరు. నా ల్యాప్‌టాప్‌కి కావాల్సింది 20 వోల్టులు. కొత్త చార్జర్ దగ్గర అది లేనే లేదు. దాని 10 వోల్టుల ఫాస్ట్ చార్జింగ్ ఆ కంపెనీ ఫోన్లకు మాత్రమే అర్థమయ్యే సొంత భాష. ల్యాప్‌టాప్ ఆ భాషలో మాట్లాడదు. ఇక మిగిలింది 5 వోల్టులు, 2 ఆంపియర్లు. అంటే 10 వాట్లు. పని చేస్తున్నప్పుడు నా ల్యాప్‌టాప్ ఖర్చు సుమారు 20 వాట్లు. పది లోపలికి, ఇరవై బయటికి! చిల్లు పడ్డ బిందెలో నీళ్లు పోసినట్టే. పైగా నాది నయం. కొన్ని ల్యాప్‌టాప్‌లు 5 వోల్టులు చూస్తే అసలు చార్జింగే తీసుకోవు.

ఇంజనీరింగ్ డిగ్రీ ఉండి లేబుల్ చదవని నేను, షాపాయన్ని అనడానికి ఏముంది?

టిఫిన్ సెంటర్ సూత్రం

అసలు లోపల జరిగేదేంటో తెలిస్తే ఇక ఎవరూ మోసపోరు. టైప్-సీ అనేది పిన్ను ఆకారం పేరు, అంతే. 2014లో వచ్చింది. కరెంటు ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నది వేరే ఒప్పందం. దాని పేరు యూఎస్‌బీ పవర్ డెలివరీ. డబ్బా మీద ‘పీడీ’ అని రాస్తారు.

టిఫిన్ సెంటర్‌లో కూర్చోగానే సర్వర్ వచ్చి ‘ఇడ్లీ, వడ, పూరీ, దోశ’ అని చదువుతాడు కదా. పీడీ చార్జర్ కూడా అంతే. పిన్ను పెట్టగానే ‘నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులున్నాయి, ఇన్నిన్ని ఆంపియర్లు ఇవ్వగలను’ అని ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ల్యాప్‌టాప్ తనకు కావాల్సింది ఆర్డర్ ఇస్తుంది. ఒప్పందం కుదిరాకే వోల్టేజీ పెరుగుతుంది, అప్పటిదాకా 5 వోల్టులే. అందుకే 100 వాట్ల పీడీ చార్జర్‌ని 45 వాట్ల ల్యాప్‌టాప్‌కి పెట్టినా ఏమీ కాలిపోదు. మెనూ పెద్దదైనంత మాత్రాన మనం అన్నీ తినం కదా! తక్కువ వాట్ల చార్జర్‌తోనే చిక్కు.

ఈ మధ్యలో మూడో మనిషి ఉన్నాడు: కేబుల్. మామూలు సీ-టు-సీ కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. అంతకుమించి కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. దాని పిన్నులో ‘ఈ-మార్కర్’ అనే చిన్న చిప్ ఉంటుంది. ‘నేను 5 ఆంపియర్లు మోయగలను’ అని చార్జర్‌కి చెప్పేది అదే. చిప్ లేకపోతే చార్జర్ 100 వాట్లదైనా 60 దగ్గరే ఆగిపోతుంది. ఇక ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ, ఇంకోవైపు టైప్-సీ ఉన్న కేబుల్‌తో పీడీ ఒప్పందమే కుదరదు. నేను తెచ్చిన డబ్బాలో ఉన్నది అలాంటిదే!

కేబుల్ చంపిన ల్యాప్‌టాప్

కేబుల్‌ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో గూగుల్ ఇంజనీర్ బెన్సన్ ల్యూంగ్‌ని అడగాలి. 2015లో ఆయన ఆన్‌లైన్‌లో దొరికే టైప్-సీ కేబుళ్లను సొంతంగా కొని, పరీక్షించి, ఏది మంచిదో ఏది కాదో అమెజాన్‌లో రివ్యూలు రాయడం మొదలెట్టాడు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్ పెట్టగానే ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్ పాడైపోయింది. చూస్తే ఆ కేబుల్‌లో కరెంటు తీగ, గ్రౌండ్ తీగ తారుమారుగా అతికించి ఉన్నాయి. తర్వాతి నెలలోనే ప్రమాణాలకు తగ్గట్టు లేని టైప్-సీ కేబుళ్లను అమ్మకూడదని అమెజాన్ నిబంధన తెచ్చింది.

ప్రభుత్వాలూ ఈ గందరగోళాన్ని పట్టించుకున్నాయి. యూరోపియన్ యూనియన్ ఫోన్లకు 2024 డిసెంబర్ 28 నుంచి టైప్-సీని తప్పనిసరి చేసింది, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టింది. అక్కడ పిన్ను ఆకారంతో సరిపెట్టలేదు. ఫాస్ట్ చార్జింగ్ ఉన్న పరికరాలు పీడీని కూడా అర్థం చేసుకోవాలన్నారు. మన బీఐఎస్ కూడా 2023 జనవరిలో టైప్-సీ ప్రమాణాన్ని ప్రకటించింది.

14 శాతం నుంచి..

మళ్లీ ఆ గురువారం మధ్యాహ్నానికి వద్దాం. అప్పుడు భద్రాచలం మళ్లీ వెళ్లే టైమ్ లేదు, వెళ్లినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. లెక్క వేశా. పని చేస్తుంటే 10 వాట్లు చాలవు. కానీ ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేస్తే? ఖర్చు ఏమీ ఉండదు. నష్టాలు పోగా గంటకు 8 వాట్-అవర్లు ఎక్కినా, నాలుగు గంటలకు 32. నా బ్యాటరీ 50 వాట్-అవర్లది. అంటే అరవై శాతం పైనే!

మేనేజర్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పా. తిట్లు పడతాయనుకున్నా. “ఆరింటి దాకా నీ పని వేరేవాళ్లు చూస్తారు, రిలీజ్‌కి మాత్రం ఉండాలి” అన్నారు. షట్‌డౌన్ చేసి, చార్జర్ పెట్టి, మబ్బుల వంక చూస్తూ కూర్చున్నా. ఇప్పుడు కరెంటు పోతే లెక్కంతా గోదాట్లో కలిసినట్టే. అమ్మయితే ఫ్యాన్ కూడా వేయనివ్వలేదు, నా చార్జర్‌కి కరెంటు తగ్గుతుందేమోనని!

ఆరింటికి ఆన్ చేస్తే 74. బ్రైట్‌నెస్ తగ్గించి, అక్కర్లేనివన్నీ మూసేసి కూర్చున్నా. తొమ్మిదింటికి రిలీజ్ అయిపోయింది. బ్యాటరీ 16 శాతం.

కొనేముందు చూడాల్సినవి

ఆఫీసు ల్యాప్‌టాప్ మన సొంతం కాదు. కాబట్టి ముందు ఐటీ టీమ్‌కి మెయిల్ పెట్టి, ఏ చార్జర్ వాడొచ్చో అడగండి. నేను అడిగితే ఒరిజినల్ అడాప్టర్ పంపారు, అయితే అది వచ్చేసరికి వారం పట్టింది. ఆలోగా వాళ్ల అనుమతితోనే ఇంకోటి కొన్నా. అప్పుడు నేను చూసుకున్నవి ఇవీ:

• పాత అడాప్టర్ లేబుల్ మీద అన్నింటికంటే పెద్ద జత ఏది? 20 వోల్టులు–2.25 ఆంపియర్లు అంటే 45 వాట్లు, 3.25 అంటే 65, 5 అంటే 100. కొత్తదాని లేబుల్ మీద అదే వోల్టేజీ, కనీసం అన్నే ఆంపియర్లు ఉండాలి. డబ్బా ముందువైపు పెద్ద అంకె కాదు, వెనక చిన్న అక్షరాలే ముఖ్యం.

• డబ్బా మీద ‘పీడీ’ అని ఉందా? ‘ఫాస్ట్ చార్జింగ్’ అన్న ఒక్క మాట సరిపోదు.

• రెండు మూడు పోర్టులున్న చార్జర్ అయితే, అన్నీ వాడినప్పుడు ఏ పోర్టుకి ఎంత వస్తుందో చదవండి. ఒంటరిగా 65 ఇచ్చేది, పక్కన ఫోన్ పెట్టగానే ల్యాప్‌టాప్‌కి 45 మాత్రమే ఇవ్వొచ్చు.

• కేబుల్ రెండు వైపులా టైప్-సీయేనా? 60 వాట్లకు మించితే 5 ఆంపియర్లదేనా? సర్టిఫైడ్ కేబుళ్ల మీద 60 లేదా 240 వాట్లని రాసి ఉంటుంది.

• ల్యాప్‌టాప్‌లోని అన్ని టైప్-సీ పోర్టులూ కరెంటు తీసుకోవు. కొన్ని డేటాకే. పోర్టు పక్కన ప్లగ్గు గుర్తు ఉందేమో చూడండి, లేదా మోడల్ మాన్యువల్ చదవండి.

• చార్జర్ మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీది, ఏ వస్తువుకి ఇచ్చారో చూపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

మా లాంటి ఊళ్లవాళ్లకు ఇంకో రెండు మాటలు. చార్జర్ మీద ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు’ అని ఉంటే, సాయంత్రం మోటార్లు వేసినప్పుడు వచ్చే లోవోల్టేజీకి భయపడక్కర్లేదు. భయమల్లా కరెంటు పోయి వచ్చేటప్పుడు, పిడుగు పడేటప్పుడు ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీతోనే. ఉరుము వినిపించగానే ప్లగ్గు పీకేయండి. నా పాత అడాప్టర్‌కి ఆ మర్యాద చేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. రెండోది, 20 వోల్టుల పీడీ అవుట్‌పుట్ ఉన్న పవర్‌బ్యాంక్. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్లు. నష్టాలు పోయినా నా ల్యాప్‌టాప్‌కి కరెంటు లేకుండా రెండు మూడు గంటల పని.

కొత్త చార్జర్ కొన్నాక మళ్లీ ఆ భద్రాచలం షాపుకే వెళ్లా, గొడవకి కాదు. రెండు లేబుళ్లూ ఫోన్‌లో చూపించా. ఆయన కళ్లజోడు పైకి జరిపి, “ఇంత చిన్నగా రాస్తే ఎట్టా చదివేది తమ్ముడూ?” అన్నాడు. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడటం నేర్పించా. ఇప్పుడు ఎవరైనా ల్యాప్‌టాప్ చార్జర్ అడిగితే, “పాతదాని వెనకాల ఫొటో ఉందా?” అంటున్నాడట.

మీరూ ఒక పని చేయండి. ల్యాప్‌టాప్ చార్జర్‌ని ఇప్పుడే తిప్పి, లేబుల్‌ని ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. అది కాలిపోయాక అక్షరాలు కనపడతాయో లేదో చెప్పలేం.