వడ్డీ వాడుకోకపోయినా రిటర్న్‌లో చూపాల్సిందే

2024-25 సంవత్సరపు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయడానికి 2025 సెప్టెంబర్ 16 వరకు గడువు ఉండేది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లో షాపులు నడిపేవాళ్లు, ప్రైవేటు ఉద్యోగాలు చేసేవాళ్లు చివరి రోజు దాకా ఆగకుండా ముందే కాగితాలు సర్దుకుంటే మేలు.

ముందు ఏఐఎస్ చూడండి

ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయితే ఏఐఎస్ అనే పట్టిక కనిపిస్తుంది. జీతం, బ్యాంకు వడ్డీ, కోసిన టీడీఎస్, షేర్ల లావాదేవీలు అందులో ఉంటాయి. ఫారం 16, 26ఏఎస్ కూడా దగ్గర పెట్టుకుని మూడూ సరిపోల్చుకోవాలి. ఏఐఎస్‌లో తప్పు ఉంటే అక్కడే అభ్యంతరం పెట్టొచ్చు.

మన ఇళ్లల్లో ఎక్కువగా జరిగే పొరపాటు వడ్డీ దగ్గరే. ‘మేం వడ్డీ ముట్టుకోం, పేదలకు ఇచ్చేస్తాం, ఇక చూపించేదేముంది?’ అనుకుంటారు. ఖాతాలో పడిన వడ్డీ చట్టం లెక్కలో ఆదాయమే. బ్యాంకు ఆ సమాచారం ముందే ఇచ్చేస్తుంది కాబట్టి, రిటర్న్‌లో లేకపోతే నోటీసు వచ్చే అవకాశం ఉంది. ఆ డబ్బు ఏం చేయాలన్నది ఉలమాను అడగాల్సిన మాట. చూపాలా వద్దా అన్నది చట్టం చెప్పే మాట.

జకాత్, గల్ఫ్ డబ్బు

బంధువులకో పేదలకో నేరుగా ఇచ్చిన జకాత్‌కు పన్ను మినహాయింపు లేదు. 80జీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఇస్తేనే, అదీ పాత విధానం ఎంచుకుంటేనే వర్తిస్తుంది. నగదుగా 2,000 రూపాయలు దాటితే అదీ లేదు.

సౌదీ, దుబాయ్ నుంచి భర్తో కొడుకో ఇంటి ఖర్చులకు పంపిన డబ్బు ఇక్కడివాళ్ల ఆదాయం కాదు. అయినా పంపిన రసీదులు దాచుకోవాలి.

12 లక్షల మాట ఏ ఆదాయానికి?

12 లక్షల దాకా పన్ను లేదన్నది 2025 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయానికి. 2025లో వేసిన రిటర్న్ 2024-25 సంవత్సరానిది. ఆ సంవత్సరానికి కొత్త విధానంలో 7 లక్షల దాకా, జీతం మాత్రమే ఉన్నవాళ్లకు 7.75 లక్షల దాకా పన్ను పడలేదు. పన్ను పడకపోయినా, ఆ సంవత్సరం మొత్తం ఆదాయం 3 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సి ఉండేది. టీడీఎస్ కోసినవాళ్లకు డబ్బు వాపసు రావాలన్నా రిటర్నే దారి.

చిన్న షాపులవాళ్లు 44ఏడీ కింద ఐటీఆర్-4 వేయొచ్చు. యూపీఐలో వచ్చిన మొత్తం అంతా లాభం కాదు, అది అమ్మకం. డిజిటల్ అమ్మకంలో కనీసం 6 శాతం, నగదు అమ్మకంలో 8 శాతం లాభంగా చూపితే చాలు.

పేరు సరిచూసుకోండి

ఒకచోట ‘ఎండీ’, ఇంకోచోట ‘మొహమ్మద్’, మరోచోట ‘మహ్మద్’ అని ఉంటే బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ కాక రిఫండ్ ఆగిపోవచ్చు. పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడింట్లో పేరు ఒకేలా ఉండేలా ముందే దిద్దించుకోవాలి.

రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. గడువు దాటితే డిసెంబర్ 31 వరకు వేయొచ్చు గానీ, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, దాటితే 5,000 రూపాయల ఆలస్య రుసుము కట్టాలి.