ఈ రౌండు నాది!

మన సినిమాల్లో పబ్బు సీను ఎలా వుంటుందో మీకు తెలిసిందే! రంగురంగుల లైట్లు గిర్రున తిరుగుతుంటాయి. చెవులు చిల్లులు పడేలా మ్యూజిక్కు. విలన్ గారి తమ్ముడు ఎవరో అమ్మాయి చెయ్యి పట్టుకుంటాడు, హీరో దిగుతాడు, ఆపైన అద్దాలన్నీ భళ్ళున పగులుతాయి. ఒకప్పుడు జ్యోతిలక్ష్మి, జయమాలినిల క్లబ్ డాన్సులు తీసిన సెట్టుకే పేరు మార్చి పబ్బు అంటున్నారేమోనని నా అనుమానం.

అందుకే ఇంగ్లండులో అసలు సిసలు పబ్బులో అడుగుపెట్టిన తెలుగువాడు మొదట కాస్త నిరాశపడతాడు. దీపాలు మసక మసగ్గా వుంటాయి. ఓ మూల ముసలాయన పేపరు చదువుకుంటూంటాడు. ఆయన కాళ్ళ దగ్గర కుక్క ఒకటి నిద్రపోతూంటుంది. ఇంకో మూల ఇద్దరు ఫుట్‌బాల్ గురించి వాదించుకుంటూంటారు. ఇంతేనా అనిపిస్తుంది.

ఇంతే! కాని ఈ 'ఇంతే' కోసం అక్కడివాళ్ళు వానలో తడుస్తూ వస్తారు.

పబ్బు అన్నది 'పబ్లిక్ హౌస్'కి పొట్టి పేరు. పదిమందికీ చెందిన యిల్లన్నమాట. నేను కొన్నేళ్ళపాటు ఇంగ్లండులో ఓ చిన్న వూళ్ళో వున్నాను. చలికాలంలో నాలుగింటికే చీకటి పడిపోతుంది. పక్కింటాయన ఎదురైతే నవ్వుతాడు, వాతావరణం గురించి ఓ ముక్క చెప్తాడు, తలుపేసుకుంటాడు. "ఏమండోయ్, ఏం చేస్తున్నారు?" అంటూ మనలాగా తలుపు తోసుకుని వెళ్ళామా... కొంపలంటుకున్నాయేమోనని కంగారు పడతారు! మరి మనిషికి మనిషి దొరికేదెక్కడ? వీధి చివర పబ్బులో.

అక్కడ బేరర్ మన దగ్గరికి రాడు. ఎవరి గ్లాసు వాళ్ళే కౌంటరు దగ్గరికెళ్ళి తెచ్చుకోవాలి. బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కదిలించకూడదు గాని, కౌంటరుకి ఆనుకుని నిలబడ్డవాడితో ఎవరైనా మాట కలపొచ్చు. ఈ రూలు ఎక్కడా రాసి వుండదు, అయినా అందరూ పాటిస్తారు. మన రచ్చబండ, హైదరాబాదు ఇరానీ హోటలు, వేషాల కోసం మద్రాసు వెళ్ళినవాళ్ళకి పానగల్ పార్కు... అదే తంతు. పిలుపు అక్కర్లేదు, వచ్చి నిలబడితే చాలు.

మన బీహారులోని మోతీహారిలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్, 1946 ఫిబ్రవరిలో 'ఈవెనింగ్ స్టాండర్డ్' పత్రికలో 'ది మూన్ అండర్ వాటర్' అనే తన అభిమాన పబ్బును వర్ణించాడు. అక్కడ రేడియో లేదు, పియానో లేదు, మాట్లాడుకుంటే వినబడుతుంది. కౌంటరు వెనక ఆడవాళ్ళకి వచ్చేవాళ్ళలో చాలామంది పేర్లు తెలుసు. ఆస్పిరిన్ బిళ్ళలూ, పోస్టల్ స్టాంపులూ కూడా దొరుకుతాయి. పిల్లలకి వెనకాల తోట. చదివి నోరూరాక, అలాంటి పబ్బు నిజానికి లేనేలేదని తేల్చేశాడు!

టీవీ వాళ్ళు మాత్రం ఆ లోటు తీర్చారు. 1960 డిసెంబరు 9న మొదలైన 'కారొనేషన్ స్ట్రీట్' సీరియల్ ఇప్పటికీ నడుస్తూనే వుంది. అందులో కథలన్నీ తిరిగి తిరిగి 'రోవర్స్ రిటర్న్' అనే పబ్బుకే చేరతాయి. 1985లో వచ్చిన 'ఈస్టెండర్స్'కి 'క్వీన్ విక్' అనే పబ్బు. అమెరికావాళ్ళు 1982లో బోస్టన్ బారు ఒకటి పట్టుకుని 'చీర్స్' మొదలెట్టి పదకొండేళ్ళు నవ్వించారు. పాత్రలన్నీ ఒకే చోట చేరడానికి అంతకంటే వీలైన సెట్టు ఏముంది చెప్పండి!

సరే, మజా గురించి చెప్పాను. ఇక చిక్కు సంగతి.

పబ్బులో స్నేహానికి టిక్కెట్టు 'రౌండు'. అయిదుగురు కలిసి వెళ్తే ఎవరి బిల్లు వాళ్ళు కట్టరు. ఒకడు లేచి "ఈ రౌండు నాది" అని అయిదుగురికీ తెస్తాడు. తర్వాత రెండోవాడు, ఆ తర్వాత మూడోవాడు. తన వంతు రాకుండా లేచి వెళ్ళినవాడికి పిసినారి ముద్ర ఖాయం. ఒక పింటు అంటే 568 మిల్లీలీటర్లు. అయిదుగురి వంతులూ పూర్తయ్యేసరికి ఒక్కొక్కడి కడుపులో దగ్గర దగ్గర మూడు లీటర్లు! ఒక్క గ్లాసుతో లేచిపోదామని వచ్చినవాడి గతి కూడా యింతే.

1930ల చివర్లో 'మాస్ అబ్జర్వేషన్' అనే సంస్థ వాళ్ళు బోల్టన్ వూరి పబ్బుల్లో కూర్చుని, ఎవరు ఎలా తాగుతున్నారో గమనించి రాసుకున్నారు. గుంపుగా కూర్చున్నవాళ్ళ గ్లాసులన్నీ ఇంచుమించు ఒకేసారి ఖాళీ అవుతున్నాయని వాళ్ళు కనిపెట్టారు. అది 'ది పబ్ అండ్ ది పీపుల్' పేరుతో 1943లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందే, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, సర్కారుకి ఈ రౌండ్ల మీద కోపం వచ్చింది. 1915 అక్టోబరులో లండన్‌లో ఒకరికొకరు మందు కొనిపెట్టడాన్నే నిషేధించారు! స్నేహితుడికి గ్లాసు కొనిస్తే నేరం!

నేను తాగేది నారింజ రసం. మొదటి వారం "అదేంటి, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు. రెండోవారం "ఒక్క సగం గ్లాసు..." అన్నారు. మూడోవారానికి వదిలేశారు, కాని నా వంతు రౌండు మాత్రం వదల్లేదు. వాళ్ళ బీర్లకి నా డబ్బులు, నా రసానికి వాళ్ళ డబ్బులు. ఆ లెక్క వేసుకునేవాడు పబ్బుకి వెళ్ళకూడదు.

అదే కౌంటరు దగ్గర రిటైరయిన బస్సు డ్రైవరు ఒకాయన వుండేవాడు. సాయంత్రం ఆరయితే చాలు, ఆయన లేని ఫోటో ఆ పబ్బులో తియ్యలేం. కాలేయం చెడిందని డాక్టరు మందు మానమన్నాడు. ఓ పదిరోజులు నిమ్మసోడా పట్టుకుని నిలబడ్డాడు. జోకులు పడ్డాయి. రావడం మానేశాడు. పదేళ్ళుగా పక్కన నిలబడి తాగినవాళ్ళున్నారు, ఆయన కూతురి పెళ్ళి కబుర్లన్నీ వాళ్ళకి తెలుసు. ఇంటి నెంబరు మాత్రం ఒక్కడికీ తెలీదు! చివరికి పబ్బు యజమానురాలే క్రిస్మస్ లాటరీ పుస్తకం తిరగేసి ఎడ్రసు పట్టుకుంది. రెండు వీధుల అవతలే! వెళ్ళి చూస్తే, ఒక్కడూ కూర్చుని టీవీలో 'కారొనేషన్ స్ట్రీట్' చూస్తున్నాడట.

ఇది రౌండు నుంచి తప్పుకున్నవాడి సంగతి. అసలు రౌండులోకి రానివ్వని వాళ్ళ సంగతో?

లండన్‌లో ఒకప్పటి పత్రికల వీధి ఫ్లీట్ స్ట్రీట్. అక్కడ 'ఎల్ వీనో' అనే పేరుమోసిన వైన్ బారులో ఆడవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడకూడదు, వెనక గదిలో కూర్చోవాలి. వార్తలన్నీ పుట్టేది కౌంటరు దగ్గర! 1982లో కోర్టు అది చెల్లదని చెప్పేదాకా ఆ సంప్రదాయం అలాగే సాగింది. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో ఇనుప ఫౌండ్రీల్లో పనిచేసే మన పంజాబీలని కొన్ని పబ్బుల్లో మంచి గదుల్లోకి రానిచ్చేవారు కాదు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నుంచి వచ్చిన మాల్కం ఎక్స్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు అవతార్ సింగ్ జోహల్‌తో కలిసి అక్కడి 'బ్లూ గేట్స్' పబ్బుకి వెళ్ళాడు. వాళ్ళకీ ఆ మర్యాదే జరిగింది. తొమ్మిది రోజుల తర్వాత మాల్కం ఎక్స్ న్యూయార్కులో హత్యకి గురయ్యాడు. ఆ ఏడాదే వచ్చిన చట్టం పబ్బుల్లో రంగు చూసి గెంటెయ్యడాన్ని నిషేధించింది. తర్వాత్తర్వాత ఆ చుట్టుపక్కల పబ్బులు కొన్నింటిని పంజాబీలే కొనేశారు. 'దేశీ పబ్బు' అంటారు వాటిని. ఒక చేత్తో బీరు, ఇంకో చేత్తో తందూరీ చికెను. తెల్లవాళ్ళు కూడా క్యూ కడతారు!

ఇదంతా ఒకే సినిమాలో చూడాలంటే 2023లో కెన్ లోచ్ తీసిన 'ది ఓల్డ్ ఓక్' వుంది. ఇంగ్లండు ఉత్తరాన గనులు మూతపడ్డ వూరు. మిగిలింది ఒక్క పబ్బు. సిరియా నుంచి శరణార్థులు వచ్చి దిగుతారు. పబ్బు యజమానిగా డేవ్ టర్నర్, ఫోటోలు తీసే సిరియా అమ్మాయి యారాగా ఎబ్లా మారీ. వాళ్ళకి వ్యతిరేకంగా మీటింగు పెట్టుకోవడానికి వెనక గది ఇమ్మని రోజూ వచ్చే పాత స్నేహితులు అడుగుతారు. యజమాని ఇవ్వనంటాడు. తర్వాత అదే గదిని బాగుచేయించి వూరివాళ్ళకీ, శరణార్థులకీ కలిపి ఉచితంగా భోజనం పెడతాడు. ఆ తర్వాత ఆ గదికి ఏమయింది, ఆ పని చేసిందెవరు అన్నది నేను చెప్పను. దొరికితే చూడండి.