‘ఇన్వెన్షన్’: ఒక మాట కథ

క్రొత్త ద్వీపమును కనిపెట్టుట, క్రొత్త యంత్రమును కనిపెట్టుట - ఈ రెంటికిని తెలుగున ఒకే క్రియ చెల్లును. ఇంగ్లీషు ‘ఇన్వెన్షన్’ కథయు ఇట్టిదే. ‘ఎదురుపడుట, కనుగొనుట’ అను అర్థముగల లాటిన్ క్రియ ‘ఇన్వెనీరె’ దీనికి మూలము. వక్తృత్వశాస్త్రమున, వాదమునకు వలయు యుక్తులను వెదకి పట్టుటకు ఇది పేరు. క్రీస్తు శిలువ దొరకినందుకు జరుపు పండుగకును ఇంగ్లీషున ఇదే పేరు. క్రమముగా, లేనిదానిని కల్పించుటయే ప్రధానార్థమయ్యెను.

1624 నాటి ఇంగ్లండు చట్టము క్రొత్త ఉత్పత్తి పద్ధతిని మొదట కల్పించినవానికి 14 ఏండ్ల గుత్తహక్కును అనుమతించెను. దానిని విదేశమునుండి మొదట తెచ్చినవానిని కూడ న్యాయస్థానములు ‘ఇన్వెంటర్’గానే ఎంచినవి. తెచ్చినవాడును ‘కనుగొన్నవాడే’ గదా!

నేడు ఈ అర్థభేదము హక్కులను నిర్ణయించుచున్నది. భారతదేశపు 1970 పేటెంటు చట్టము ప్రకారము, ప్రకృతిలోనున్న పదార్థమును కేవలము కనుగొన్నవానికి పేటెంటు లేదు; ఉపయోగకరమైన క్రొత్త సాధనమును కల్పించినవానికి 20 ఏండ్ల హక్కు లభింపవచ్చును.