ఒక్క అంకె తేడా, జేబులో తాళంచెవి

జుబైల్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్‌ని అంటే ఊళ్ళో వాళ్ళు "మిషన్లు బాగు చేస్తావా?" అని అడుగుతారు. నిజానికి నేను ఎక్కువగా చేసేది ల్యాప్‌టాప్‌లో అంకెలు కొట్టడం. ఆ అంకె ఎక్కడికి పోతుందో, పోయి ఏం చేస్తుందో చెప్తాను. గల్ఫ్‌కి రావాలనుకునే ఈసీఈ, ఎలక్ట్రికల్ పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్ళకి పనికొస్తుంది.

ప్లాంట్‌లో వందల పంపులు, వాల్వులు, మీటర్లు ఉంటాయి. ఒక్కోదానికి విడిగా వైర్లు లాగకుండా చాలావాటిని ఒకే కేబుల్ మీద కలుపుతారు. అదే ఫీల్డ్‌బస్. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన మోడ్‌బస్, జర్మనీలో పుట్టిన ప్రాఫిబస్ ఇప్పటికీ ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

ఆ కేబుల్‌ని కంట్రోలర్‌కి కలిపే కార్డులో ఒక చిప్ ఉంటుంది. ఆ చిప్‌లోని రిజిస్టర్లు ప్రాసెసర్‌కి మామూలు మెమరీ అడ్రస్‌ల లాగే కనిపిస్తాయి. దీన్నే మెమరీ మ్యాపింగ్ అంటారు. సౌదీలో పాతకాపులకి పీఓ బాక్స్ తెలుసు కదా. అప్పట్లో ఉత్తరం ఇంటికి వచ్చేది కాదు, కంపెనీ బాక్స్ నంబర్‌కి వచ్చేది. ఇదీ అంతే. ప్రాసెసర్‌కి తెలిసింది నంబర్ ఒక్కటే. ఆ నంబర్ వెనక ఉన్నది ఉత్త మెమరీనా, హార్డ్‌వేరా అన్నది దానికి పట్టదు. మెమరీలో రాసిన అంకె అలా పడి ఉంటుంది. కంట్రోల్ రిజిస్టర్‌లో రాసిన అంకె మాత్రం ఆర్డర్. ఒక బిట్ 1 అయితే స్టార్ట్, ఇంకో బిట్ 1 అయితే రీసెట్.

మోడ్‌బస్ కూడా బయటికి ఇదే పద్ధతి చూపిస్తుంది. పంపుని తిప్పే డ్రైవ్ తన సెట్టింగులన్నీ నంబర్లు వేసిన పట్టికలా పెడుతుంది. ఒక్కో రిజిస్టర్ 16 బిట్లు, అంటే 0 నుంచి 65535 దాకా. కొత్తవాళ్ళు పడే గొయ్యి ఇక్కడే ఉంది. మాన్యువల్‌లో 40001 అని రాసిన రిజిస్టర్‌కి కేబుల్ మీద వెళ్ళే అడ్రస్ 0. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ఒకటి వాటంతట అవే తీసేస్తాయి, కొన్ని తీయవు.

ఆ గోతిలో నేనూ పడ్డాను. ఒక ప్లాంట్‌లో పంప్ స్పీడ్ 35.5 శాతం పెట్టాలి. స్పీడ్ రిజిస్టర్ 40108. అడ్రస్ 107 కొట్టాల్సింది 108 కొట్టి, 355 రాసి పంపాను. అది పక్కనున్న 40109కి పోయింది. అది కమాండ్ రిజిస్టర్, దాని చివరి బిట్ స్టార్ట్. 355 బేసి సంఖ్య కాబట్టి చివరి బిట్ 1. ప్యానెల్ మీద స్టార్ట్ లైట్ వెలిగింది. ఆ సమయానికి జగిత్యాల అన్న పంప్ గార్డ్ విప్పి, లోపల చెయ్యి పెట్టి ఉన్నాడు.

పంప్ తిరగలేదు. పని మొదలుపెట్టే ముందే అన్న బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేశాడు. నేను పరిగెత్తుకెళ్తే జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "తమ్మీ, నీ ల్యాప్‌టాప్‌ను నమ్ముకుంటే నా చెయ్యి పోతుండె" అన్నాడు.

రిజిస్టర్‌కి ఎవరు రాశారో తెలియదు. అసలు మోడ్‌బస్‌లో పాస్‌వర్డే లేదు. పొరపాటున రాసినా, కావాలని రాసినా దానికి ఒకటే. కావాలని రాస్తే ఏమవుతుందో 2017లో సౌదీలోనే ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో చూశాం. ప్రమాదం వస్తే ప్లాంట్‌ని ఆపే ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్ల మెమరీలోకి హ్యాకర్లు తమ ప్రోగ్రామ్ రాశారు. దానికి ట్రైటన్ అని పేరు. ఆ కంట్రోలర్‌కి ముందు భాగంలో నిజమైన తాళంచెవి ఉంటుంది. రన్‌లో ఉంటే ప్రోగ్రామ్ మార్చనివ్వదు. అక్కడ దాన్ని ప్రోగ్రామ్ పొజిషన్‌లోనే వదిలేశారు. అదృష్టం కొద్దీ కంట్రోలర్ తనలో ఏదో తేడా ఉందని పట్టుకుని ప్లాంట్‌ని ఆపేసింది. డిసెంబర్‌లో ఈ సంగతి లోకానికి తెలిసింది. 2020 అక్టోబర్‌లో అమెరికా ఈ పనికి ఒక రష్యా ప్రభుత్వ పరిశోధన సంస్థను బాధ్యురాల్ని చేసి ఆంక్షలు పెట్టింది.

అక్కడ హ్యాకర్లు, ఇక్కడ నా తొందర. రెండు చోట్లా అంకె పోకూడని చోటికి పోయింది.

అందుకే కొత్తగా వచ్చే తమ్ముళ్ళకి మూడే చెప్తాను. రాసే ముందు అదే అడ్రస్‌ని ఒకసారి చదవండి, మాన్యువల్‌లో చెప్పిన విలువే వస్తోందో లేదో చూడండి. పని అయ్యాక కంట్రోలర్ తాళంచెవి రన్‌కి తిప్పి, తీసి దాచండి. మిషన్‌లో చెయ్యి పెట్టేముందు బ్రేకర్‌కి మీ తాళం మీరే వేసుకోండి. ఆ చెవి మీ జేబులోనే ఉండాలి, ఇంకెవరి దగ్గరా కాదు.