నడుము మీది తొమ్మిది వందల గ్రాములు

సాయంత్రం ఆరు దాటితే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం బయట చాయ్ తాగడానికి నిలబడే చోటు కూడా దొరకదు. పొద్దుటి నుంచీ లోపల పాలిటీ, అరిథ్‌మెటిక్ నమిలి నమిలి అలిసిపోయిన పిల్లలంతా ఒక్కసారే బయటపడతారు. అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురేసి సర్దుకుని, ఏళ్ల తరబడి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేవాళ్లు. వాళ్లలో ఎస్సై పోస్టుకు చదివేవాళ్లను కాళ్లు చూసి పోల్చుకోవచ్చు. అందరూ చెప్పుల్లో ఉంటే వీళ్లు పరుగుల బూట్లలో ఉంటారు. 2022 నోటిఫికేషన్ లెక్కన మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి మరి.

ఆ రోజు నా పక్కన నిలబడ్డ ఇద్దరికీ అలాంటి బూట్లే ఉన్నాయి. వాదన మాత్రం పరుగు గురించి కాదు, ఉద్యోగమొస్తే నడుముకు కట్టుకోబోయే పిస్తోలు గురించి.

"గ్లాక్ ముంగట ఏదైనా దిగదుడుపే అన్నా. పదిహేడు రౌండ్లు. బరువే తెల్వదు."

"నీకు గ్లాక్ ఎవడిస్తడురా? మనకిచ్చేది నైన్ ఎంఎం వన్ ఏ. పాతదైతే ఏంది, ఇనుము ఇనుమే."

నాకు నవ్వొచ్చింది. తాతకీ మనవడికీ పోటీ పెట్టి కొట్టుకుంటున్నారు, చుట్టరికం తెలియకుండా. ఆ 'వన్ ఏ' అంటే పశ్చిమ బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఆటో పిస్తోలు. మన పోలీసు, సైన్యం దశాబ్దాలుగా మోస్తున్నది. పేరు ఇషాపూర్‌దే గాని ఒళ్లు బెల్జియంది, పోలిక కెనడాది, బుర్ర ఒక అమెరికన్‌ది.

ఆ అమెరికన్ జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రిది తుపాకులు బాగుచేసే కొట్టు. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న .45 పిస్తోలు ఆయనదే, దాని హక్కులు కోల్ట్ కంపెనీవి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సు సైన్యం ఎక్కువ తూటాలు పట్టే కొత్త పిస్తోలు కావాలంది. బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీ ఆ పని బ్రౌనింగ్‌కు అప్పజెప్పింది. చిక్కంతా అక్కడే వచ్చింది. తాను కనిపెట్టిన మంచి పద్ధతులన్నీ కోల్ట్ పేటెంట్లలో ఉన్నాయి, వాటిని తనే వాడుకోవడానికి లేదు. ఇల్లు అమ్ముకున్నవాడు తిరిగి అదే ఇంట్లోకి దొడ్డిదారి వెతుక్కోవలసిన పరిస్థితి. 1923లో కొత్త నమూనాకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1926 నవంబరులో ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీలోనే గుండె ఆగి పోయాడు. పేటెంటు చేతికొచ్చింది 1927 ఫిబ్రవరిలో, తీసుకోవడానికి ఆయన లేడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మన హైదరాబాద్‌లో కొత్వాల్, అంటే పోలీసు పెద్ద, ఎవరంటే రాజా బహదూర్ వెంకటరామారెడ్డి, 1920 నుంచి 1934 దాకా. ఈ చాయ్ బండి నుంచి నడిచిపోయేంత దూరంలో, నారాయణగూడలో ఉన్న ఆడపిల్లల కాలేజీది ఆయన పేరే. ఈ కుర్రాళ్లు గట్టెక్కితే శిక్షణకు పోయే పోలీసు అకాడమీది కూడా ఆయన పేరే. అప్పా జంక్షన్ అని బస్సుల మీద కనిపించేది ఆ అకాడమీ పాత పేరులోని పొడి అక్షరాలే.

బ్రౌనింగ్ వదిలేసిన పనిని ఎఫ్‌ఎన్‌లోని డ్యూడొనే సైవ్ పూర్తిచేశాడు. 1928లో కోల్ట్ పేటెంట్ల గడువు తీరింది. అప్పటిదాకా ముట్టుకోలేని పద్ధతులను సైవ్ తెచ్చి ఇందులో కలిపాడు. 1935లో బెల్జియం సైన్యం తీసుకుంది. ఫ్రెంచిలో 'గ్రాండ్ ప్యుయిసాన్స్', మనవాళ్ల నోట హై పవర్. అడిగిన ఫ్రాన్సు మాత్రం చివరికి దీన్ని కొనలేదు. పిస్తోలు మీద చెక్కింది బ్రౌనింగ్ పేరే అయినా, సగం మార్కులు నేను సైవ్‌కే వేస్తాను. కారణం మ్యాగజైన్.

అంతకుముందు సైనిక పిస్తోళ్లలో తూటాలు సాధారణంగా ఒకదాని మీద ఒకటి నిలువు వరసలో కూర్చునేవి. ఏడో ఎనిమిదో పట్టేవి. సైవ్ రెండు వరసలు పెట్టాడు, అదీ ఎదురెదురుగా కాకుండా ఒక వరస సందుల్లో రెండో వరస ఒదిగేలా. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా టికెట్ల కోసం జనం గుద్దుకునే రోజులు గుర్తున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కటకటాల మధ్య ఇద్దరేసి భుజం సందులో భుజం పెట్టి నిలబడి, కౌంటరు కిటికీ దగ్గరికొచ్చేసరికి ఒక్కరే మిగిలేవాళ్లు. ఈ మ్యాగజైన్ కూడా అంతే, పైకొచ్చేసరికి సన్నబడి ఒక్కో తూటానే అందిస్తుంది. మొత్తం పదమూడు. అయినా పిడి లావెక్కలేదు. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఈ పిడి పట్టుకున్నవాడు 'చేతికి అతికినట్టుంది' అనకుండా ఉండడు. నేనూ అన్నాను.

ఎప్పుడు పట్టుకున్నానంటే, ఒక అక్టోబరులో. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చనిపోయిన పోలీసుల జ్ఞాపకార్థం అక్టోబరు 21న అమరవీరుల దినం జరుపుతారు కదా, ఆ రోజుల్లో బడిపిల్లల కోసం ఆయుధాల ప్రదర్శన పెడతారు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద వరసగా తుపాకులు, వెనక ఒక హెడ్ కానిస్టేబుల్. పిల్లలు ఏకే-47 దగ్గర మూగారు గనక పిస్తోలు దగ్గర నాకు తీరిక దొరికింది.

"ఖాళీదే సార్, చూడుండ్రి" అని ఆయన స్లయిడు లాగి తూటా కూర్చునే గది చూపించాడు, చిటికెన వేలు పెట్టి కూడా చూపించాడు. ముందు బరువు తెలిసింది, సుమారు 900 గ్రాములు. తర్వాత చల్లదనం. ఆయన మ్యాగజైన్ బయటికి తీసి ట్రిగ్గర్ నొక్కమన్నాడు. వెనక హామర్ లేచే ఉంది, నేను నొక్కుతున్నాను, చలనం లేదు. చెడిపోయిన లైటు స్విచ్చు నొక్కినట్టుంది. ఖాళీ మ్యాగజైన్ పెట్టి మళ్లీ నొక్కమన్నాడు. టక్కుమంది.

ఫ్రాన్సు పెట్టిన షరతు ఇది. ట్రిగ్గర్‌లో దూర్చిన చిన్న పుల్లలాంటి ముక్క మ్యాగజైన్ గోడకు ఆనుకుని ఉంటే తప్ప ట్రిగ్గర్ పట్టు హామర్ దాకా పోదు. మ్యాగజైన్ తీసేసి, గదిలో మిగిలిన ఒక్క తూటాను మరిచిపోయే మనుషుల నుంచి మనుషులను కాపాడడానికి. ఆలోచన బంగారంలాంటిదే. కానీ నొక్కిన ప్రతిసారీ ఆ ముక్క మ్యాగజైన్ ఒంటి మీద రాసుకుంటూ పోతుంది, అందుకే ట్రిగ్గర్ ఇసుక పడ్డ తాళంలా గరగరలాడుతుంది. ఆ రాపిడి వల్లే మ్యాగజైన్ గుండీ నొక్కగానే జారి కింద పడదు, రెండో చేత్తో లాగాలి. ఇంకో తిరకాసుంది. డ్యూటీ దిగి తూటాలు తీశాక హామర్ దించాలంటే మళ్లీ మ్యాగజైన్ పెట్టాలి. భద్రత కోసం చేసిన ఏర్పాటే, తీసినదాన్ని తిరిగి పెట్టిస్తుంది. పొరపాటున తూటాలున్న మ్యాగజైన్ చేతికొచ్చిందా, ఇక చెప్పక్కర్లేదు.

లోపలి పనితనానికి మాత్రం దండం పెట్టాలి. 9 ఎంఎం తూటా ముక్కు బరువు దాదాపు 7.5 గ్రాములు. సెకనుకు 350 మీటర్ల చుట్టుపక్కల వేగంతో బయటపడుతుంది, అంటే ధ్వనితో పోటీ. ఆ వేగాన్నిచ్చే వాయువు వెనక్కి కూడా అంతే కసిగా తంతుంది. తూటా గొట్టం దాటకముందే వెనక తలుపు తెరుచుకుంటే ఆ వేడి వాయువంతా కాల్చేవాడి మీదికే. అందుకని స్లయిడూ గొట్టమూ పళ్లు కరుచుకుని కొన్ని మిల్లీమీటర్లు కలిసే వెనక్కి జరుగుతాయి. ఆ లోపు, సెకనులో వెయ్యోవంతు గడవకముందే, తూటా వెళ్లిపోతుంది. అప్పుడు గొట్టం తోక కిందికి వంగి పళ్లు విడిపోతాయి, స్లయిడు ఒంటరిగా వెనక్కి పోయి తూటా తాలూకు ఖాళీ కేసు విసిరేసి వస్తుంది. 1911 పిస్తోలులో తోకను లాగే పని ఊగే చిన్న లింకుది. హై పవర్‌లో ఆ ఊగే ముక్కే లేదు. గొట్టం కింద ఏటవాలుగా కోసిన గాడి చాలు. అరిగేది ఒకటి తగ్గింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పిస్తోలు రెండు పక్షాల నడుములకూ వేలాడింది. ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీని పట్టుకున్న జర్మన్లు తమకోసం తయారుచేయించుకున్నారు. తప్పించుకున్న ఇంజినీర్ల సాయంతో కెనడాలోని టొరంటోలో జాన్ ఇంగ్లిస్ కంపెనీ మిత్రపక్షాల కోసం చేసింది. తర్వాత వాషింగ్ మెషీన్లకు పేరుపడ్డ ఇంగ్లిసే. మన ఇషాపూర్ పిస్తోలు ఈ కెనడా రకం పోలికే. యాభైకి పైగా దేశాల సైన్యాలు దీన్ని వాడాయి.

అయితే నడుముకు కట్టుకునే ఆయుధాన్ని చాంద్‌మారీలో అట్టబొమ్మ మీద పడ్డ చిల్లులతో కొలవకూడదు. ఎస్సై దాన్ని వేల రోజులు మోస్తాడు. కాల్చేది ఏడాదికి కొన్ని రౌండ్లు, అదీ రేంజిలో. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కాల్చే రోజు చాలామందికి ఉద్యోగం మొత్తంలో రాదు. వస్తే మాత్రం రెండు మూడు సెకన్ల పని. అక్కడే ముసలాయన తడబడతాడు. హై పవర్‌లో ట్రిగ్గర్ హామర్‌ను లేపదు, లేచినదాన్ని వదులుతుంది, అంతే. కాబట్టి రెండే దారులు. గదిలో తూటా పెట్టి, హామర్ లేపి, సేఫ్టీ వేసుకుని తిరగాలి. చూసేవాడికి గుండె దడ, పైగా పాత రకాల్లో సేఫ్టీ మీట గోరంత ఉండి బొటనవేలికి అందదు. లేదా గది ఖాళీగా ఉంచుకుని, అవసరమొచ్చినప్పుడు స్లయిడు లాగాలి. చాలామంది చేసేది రెండోదే. దానికి రెండు చేతులు కావాలి. ఒక చేత్తో దొంగ కాలరు పట్టుకున్నవాడికి రెండో చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇక మనవడి సంగతి. ఆస్ట్రియాలో గాస్టన్ గ్లాక్ అనే ఆయన కర్టెన్ రాడ్లు చేసేవాడు, సైన్యానికి కత్తులు, పారలు అమ్మేవాడు. పిస్తోలు చేసిన అనుభవం లేదు. 1980ల మొదట్లో ఆస్ట్రియా సైన్యం కొత్త పిస్తోలు కావాలంటే పోటీకి దిగి 1982లో గెలిచాడు. పిడి ప్లాస్టిక్. భాగాలు ముప్పై నాలుగు. వెనక హామర్ లేదు, మీట సేఫ్టీ లేదు. లోపలి పిన్ను సగం లాగి ఆగుతుంది, మిగతా సగం ట్రిగ్గర్ లాగుతుంది. ట్రిగ్గర్ మధ్యలో ఇంకో చిన్న ట్రిగ్గర్, దాన్ని వేలు నొక్కితే తప్ప పెద్దది కదలదు. కింద పడ్డా పేలదు. గదిలో తూటాతో మోయొచ్చు, తీసి నొక్కితే చాలు. మొదటిసారికీ పదోసారికీ ఒకే బరువు. బ్రిటిష్ సైన్యం 2013లో హై పవర్లను పక్కనపెట్టి 25,000కు పైగా గ్లాక్ 17లు తీసుకోవడానికి ఇలాంటి కారణాలే.

హామర్ లేదన్న మాట మన సినిమావాళ్లకు ఇంకా అందలేదు. సంధ్యలోనో సుదర్శన్‌లోనో కూర్చుని చూడండి, హీరో విలన్ కణతకు గ్లాక్ ఆనించగానే స్పీకర్లలో 'క్లిక్'మని హామర్ లేచిన చప్పుడు వస్తుంది. లేనిదాన్ని ఎలా లేపాడో సౌండ్ ఇంజినీరుకే తెలియాలి.

గ్లాక్ లోపాలూ చిన్నవి కావు. శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. గదిలో తూటా ఉందని మరిచినవాడికి అదే ఆఖరి పాఠం. చెయ్యి వణికి వేలు ముందే ట్రిగ్గర్ మీదికి పోతే ఆపే మీట లేదు. అందుకే న్యూయార్క్ పోలీసులు ట్రిగ్గర్ బిగువు పెంచిన గ్లాక్‌లు వాడారు. ఇంకా, లోపల బహుభుజి ఆకారపు గొట్టం తూటా మీద పదునైన గీతలు సరిగా వదలదు, ఫోరెన్సిక్ ల్యాబులో పోల్చేవాళ్లకు కష్టం. బదులుగా కేసు అడుగున పిన్ను రంధ్రం దీర్ఘచతురస్రపు ముద్ర వేస్తుంది. దాన్ని చూస్తే ఇది గ్లాక్ జాతి కావచ్చని నిపుణుడు ఊహించగలడు.

కానీ ఆ ప్లాస్టిక్ విప్పి చూస్తే గొట్టం కింద ఏముందనుకున్నారు? ఏటవాలు కోత. తోక వంచి పళ్లు విడిపించే అదే కోత. పళ్ల బదులు గొట్టం భుజం కేసులు బయటపడే కిటికీలో తగులుకుంటుంది, అంతే తేడా. మ్యాగజైన్‌లో కూడా అదే రెండు వరసలు, పైన ఒకటి.

చాయ్ బండి దగ్గర ఇదంతా చెప్పేసరికి ఇద్దరూ ఫోన్లలో బొమ్మలు వెతుకుతున్నారు. "అయితే మీరు ఏది తీసుకుంటరు సార్?" అన్నాడు ఇనుము పక్షం కుర్రాడు. వారం వారం కాల్చే తీరిక, తూటాలు ఇస్తే హై పవరే తీసుకుంటానన్నాను. ఏడాదికోసారి రేంజికి పంపే ఉద్యోగమైతే గ్లాక్, వేలు ట్రిగ్గర్ బయట ఉంచడం ముందు నేర్పితేనే. 'పాతదే గట్టిది' అనే మాటకు నేను ఒప్పుకోలేదు. గట్టితనంలో ముసలాయనకు వంక లేదు, వంకంతా తీయడానికి పట్టే ఆలస్యంలోనే.

ఆ అక్టోబరు ప్రదర్శనలో చివరగా ఒకటి అడిగాను, మ్యాగజైన్‌లో నిజంగా పదమూడూ పెడతారా అని. హెడ్ కానిస్టేబుల్ చిందీ గుడ్డతో నా వేలిముద్రలు తుడుస్తూ తల అడ్డంగా ఊపాడు. "పదే పెడతం సార్. నిండ పెడితె స్ప్రింగు సచ్చిపోతది." లోహశాస్త్రం అలా చెప్పదు. మంచి స్ప్రింగు తన హద్దులో అణిగి ఉన్నంత మాత్రాన పెద్దగా మెత్తబడదు, పదే పదే నొక్కి వదలడం వల్లే అలుస్తుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆయన అప్పటికే పిస్తోలు తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నంబరును రిజిస్టరులో ఉన్నదానితో ఒక్కో అంకె పైకి చదువుతూ సరిచూసుకుంటున్నాడు. ఊరుకున్నాను.