అజొల్లాతో లీటరు పాలు పెరిగాయన్నాను, ఆ లెక్క తప్పు



రెండేళ్ల కింద ఒక వీడియో పెట్టాను. "అజొల్లా పెట్టాం, ఆవుకు లీటరు పాలు పెరిగాయి" అని అందులో చెప్పాను. మన వీడియోల్లో ఎక్కువ మంది చూసినవాటిలో అదొకటి. ఈ రోజు వీడియో దాన్ని సరిచేసుకోవడానికే. తొట్లు, పాలు తూచే పద్ధతి వీడియోలో చూపించాను. లెక్కలు చెవిన పడి జారిపోతాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ వీడియో చూసిన ఒక కౌలు రైతు పక్క మండలం నుంచి మా షెడ్డుకు వచ్చాడు. ఆయనవి రెండు ఆవులు. ఒక్కో ఆవుకు రోజూ పెట్టే మూడు కిలోల దాణాలో రెండు కిలోలు తీసేసి, ఆ చోట రెండు కిలోల పచ్చి అజొల్లా పెట్టాడు. నెల తిరక్కముందే పాలు పడిపోయాయి. పాల డబ్బులతోనే ఆయన ఇల్లు గడవాలి. అయినా గొడవకు రాలేదు. పాల కేంద్రం పుస్తకం నా చేతిలో పెట్టి, "అన్నా, నా లెక్క ఇది. నీ లెక్క ఏది?" అన్నాడు.

నా దగ్గర లెక్క లేదు. ఒక ఆవు, ఒక నెల, నా కంటి అంచనా. అంతే. అగ్రికల్చర్ డిప్లొమాలో స్టాటిస్టిక్స్ పాఠం ఉండేది. పాస్ మార్కుల కోసం చదివి వదిలేశాను. ఆ రాత్రి పాత నోట్సు మళ్లీ తీశాను.

ఏమీ మార్చకపోయినా పాలు మారతాయి

మా సాహివాల్ ఆవు ఒకటి వారం రోజులు ఇచ్చిన పాలు ఇవి, కిలోల్లో: 6.2, 5.4, 6.0, 6.8, 5.7, 6.4, 5.5. మేత మారలేదు, దాణా మారలేదు, పితికే మనిషి మారలేదు. మొత్తం 42 కిలోలు, రోజుకు సగటు 6 కిలోలు.

సగటు ఒక్కటే చాలదు, దాని చుట్టూ ఊగిసలాట ఎంతో కూడా చూడాలి. ప్రతిరోజు పాలకు, సగటుకు ఉన్న తేడాను దానితోనే హెచ్చించి అన్నీ కూడితే 1.54 వచ్చింది. రోజుల సంఖ్యలో ఒకటి తగ్గించి, అంటే 6తో భాగించి, వర్గమూలం తీస్తే సుమారు అర కిలో. దీన్నే పుస్తకాల్లో ప్రామాణిక విచలనం అంటారు. అర కిలో అటూ ఇటూ ఊగడం ఈ ఆవుకు మామూలే అన్నమాట.

ఇప్పుడు చూడండి. రెండో రోజు 5.4, నాలుగో రోజు 6.8. మధ్యలో మూడో రోజు నేను ఏ కషాయమో తాగించి ఉంటే "కిలోకు పైగా పెరిగింది" అని వీడియో తీసేవాణ్ని.

పాలు అడుగంటినప్పుడే మందు వెతుకుతాం

నేను అజొల్లా మొదలుపెట్టింది రోహిణి కార్తెలో. ఎండలకు ఆవులు రొప్పుతున్నాయి, పచ్చిగడ్డి లేదు, పాలు బాగా తగ్గాయి. తర్వాత మృగశిర వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి, షెడ్డు చల్లబడింది, గడ్డి చిగురించింది, పాలు పెరిగాయి. అజొల్లా పెట్టకపోయినా చాలావరకు పెరిగేవే. వాన చేసిన పనికి అజొల్లాకు దండ వేశాను.

మనం ఏదైనా కొత్తది ప్రయత్నించేది పరిస్థితి బాగా దిగజారినప్పుడే. మరీ దిగిన అంకె చాలాసార్లు తనంతట తానే సగటు వైపు తిరిగొస్తుంది. దీనికి ఎదురు కూడా ఉంది. ఈనిన నెలన్నర, రెండు నెలలకు ఆవు పాలు గరిష్ఠానికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతూ పోతాయి. ఆ తగ్గే రోజుల్లో మంచి మేత పెట్టినా నింద మేత మీద పడుతుంది.

బరువు ఒకటే, బలం ఒకటి కాదు

కౌలు రైతుకు నష్టం ఎందుకు వచ్చిందంటే, పచ్చి అజొల్లాలో నూటికి 93 పాళ్లకు పైగా నీళ్లే. రెండు కిలోల్లో ఎండు పదార్థం 120 గ్రాములకు అటూ ఇటూ, అందులో మాంసకృత్తులు పాతిక, ముప్ఫై గ్రాములు. ఆయన తీసేసిన రెండు కిలోల దాణాలో 18 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకున్నా 360 గ్రాములు. పదో వంతు కూడా భర్తీ కాలేదు. పచ్చిదాన్ని ఎండుదాంతో కిలోకు కిలో పోల్చకూడదు. ఈ మాట నా పాత వీడియోలో లేదు. అది నా తప్పు.

వరసగా మూడు కోడెదూడలు

"ఈ ఆవుకు పెయ్యలు పుట్టే రాత లేదు" అని అమ్మేసేవాళ్లను మీరూ చూసుంటారు. వరసగా మూడు కోడెదూడలు పుట్టాయని కోపం. నిజానికి పెయ్యా కోడెదూడా అన్నది తేలేది ఆబోతు వీర్యకణం వల్ల, ఆవు వల్ల కాదు. ఒక్కో ఈతలో కోడెదూడ పుట్టే అవకాశం సుమారు సగం. మూడు ఈతల్లోనూ కోడెదూడలే అంటే సగంలో సగంలో సగం, ఎనిమిదింట ఒకటి. మూడు ఈతలు దాటిన ఆవులు ఊళ్లో నలభై ఉంటే, సుమారు అయిదింటికి ఇలా జరగడం మామూలే. నాలుగో ఈతలో కూడా అవకాశం సగమే. పోయిన ఈతలు దానికి గుర్తుండవు.

ఇదే లెక్కతో నా అజొల్లాను మళ్లీ పరీక్షకు పెట్టాను.

చీటీలు వేసి చేసిన పరీక్ష

పాలిచ్చే ఎనిమిది ఆవులను నాలుగు జతలు చేశాను. ఒక్కో జతలో ఈనిన నెల, ఇచ్చే పాలు దగ్గరదగ్గరగా ఉండేలా చూశాను. జతలో అజొల్లా ఎవరికన్నది మా పాప చీటీ తీసి తేల్చింది. నేనే ఎంచుకుంటే తెలియకుండానే మంచి ఆవుకు పెట్టేస్తాను.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేరిన రొనాల్డ్ ఫిషర్ పొలం మళ్ల ప్రయోగాలకు దీన్ని నేర్పాడు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేశారు.

అన్ని ఆవులకూ అదే దాణా, అదే గడ్డి. చీటీ వచ్చినవాటికి అదనంగా కిలోన్నర అజొల్లా. మొదటి రెండు వారాలు ఏమీ మార్చకుండా పాలు రాసుకున్నాం. అజొల్లా అలవాటు కావడానికి ఒక వారం వదిలేశాం. తర్వాత నాలుగు వారాలు లెక్క. నురగ మోసం చేస్తుంది కాబట్టి చెంబుతో కాకుండా కాటాతో తూచాం. తూచే కుర్రాడికి ఏ ఆవు ఏదో చెప్పలేదు.

ప్రతి ఆవు పాలను దాని మొదటి రెండు వారాలతో పోల్చి, ఆ మార్పును జతలో రెండో ఆవు మార్పుతో పోల్చాను. మూడు జతల్లో అజొల్లా ఆవు 0.4, 0.3, 0.3 కిలోలు ముందుంది. ఒక జతలో 0.2 కిలో వెనకబడింది. సగటున 0.2 కిలో లాభం. నా పాత వీడియోలో చెప్పిన లీటరులో అయిదో వంతు.

మరి ఈ 200 గ్రాములైనా నిజమా? అజొల్లా వల్ల ఏమీ జరగదనుకుందాం. అప్పుడు ఏ జతలోనైనా ఎవరు ముందన్నది నాణెం ఎగరేసినట్టే. నాలుగు నాణేలు 16 రకాలుగా పడతాయి. నాలుగూ బొమ్మ పడేది ఒక రకం, సరిగ్గా మూడు బొమ్మలు పడేది నాలుగు రకాలు. మూడూ అంతకన్నా ఎక్కువా కలిపి 16లో 5. అంటే ఏ గుణం లేని మేత పెట్టినా మూడుసార్లకు ఒకసారి ఇలాంటి ఫలితం వస్తుంది. దీన్ని పట్టుకుని "పెరిగాయి" అనలేను. "అజొల్లా దండగ" అని కూడా అనలేను. నాలుగు జతలు చాలవు, అంతే. ఎనిమిది జతలుండి ఏడింటిలోనో ఎనిమిదింటిలోనో ముందుంటే, అదృష్టం వల్ల అలా జరిగే అవకాశం 256లో 9, నూటికి నాలుగు కన్నా తక్కువ. అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు.

మీరు చేయాల్సింది

కొత్త మేతైనా కషాయమైనా, మొదలుపెట్టే ముందు రెండు వారాల పాలు రాసుకోండి. కనీసం ఒక్క ఆవునైనా పోలికకు వదిలేయండి. ఎవరికి పెట్టాలో చీటీ తేల్చనివ్వండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. ఫలితం రాకపోయినా రాసిపెట్టండి. దాణా మాత్రం తొందరపడి తగ్గించకండి.

ప్రకృతి సేద్యం అంటే నమ్మకమే గానీ లెక్క లేదని మనల్ని ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు. పుస్తకం చూపిస్తే ఆ నోరు మూతపడుతుంది. అంతకన్నా ముఖ్యం, మన మాట నమ్మి ఇంకో రైతు నష్టపోడు.

పాత వీడియో పేరు మార్చి, కింద ఈ సవరణ పెట్టాను. కౌలు రైతు దాణా మళ్లీ మొదలుపెట్టాడు, పాలు చాలావరకు తేరుకున్నాయి. నా తరఫున ఒక దాణా బస్తా ఇస్తే మొహమాటపడుతూ తీసుకున్నాడు. ఎనిమిది జతల కోసం ఇంకో ముగ్గురు రైతులం కలుస్తున్నాం. ఆయన రెండు ఆవులూ అందులో ఒక జత. ఈసారి లెక్కల పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది.